స్వలింగ వివాహాలపై పార్టీలు ఏమన్నాయి? ఏం అనకుండా తప్పించుకున్నాయి?

స్వలింగ సంపర్కంపై షరియత్ ఏం చెబుతుందో మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. జమియత్ ఉలమా-ఎ-హింద్ 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి స్వలింగ వివాహాలను వ్యతిరేకించింది కూడా. ఇక్కడ చెప్పేది అది కాదు. ఈ విషయంలో రాజకీయ పార్టీలు మాటలు ఎలా పేరుస్తాయన్నది. అటువాళ్లూ ఇటువాళ్లూ ఇద్దరూ విని, 'మన మాటే చెప్పారు' అనుకోవాలి. పార్టీలకు కావాల్సింది అదే.

పాత సంగతితో మొదలుపెడదాం. 2008లో సెక్షన్ 377 కేసు ఢిల్లీ హైకోర్టులో నడుస్తోంది. అప్పుడు కేంద్రంలో యూపీఏ సర్కారు. సెక్షన్ ఉండాల్సిందేనని హోంశాఖ చెప్పింది. దానివల్ల ఎయిడ్స్ నివారణకు ఆటంకమవుతోందని ఆరోగ్యశాఖ వైపు నుంచి చెప్పారు. ఒకే ప్రభుత్వం, ఒకే కేసు, రెండు అఫిడవిట్లు! ఎవరికి ఏది నచ్చితే అది చూసుకోవచ్చు.

బీజేపీ దారి ఇంకొకటి. 2013లో పార్టీ అధ్యక్షుడిగా ఉన్న రాజ్‌నాథ్ సింగ్ 377ను సమర్థిస్తున్నామని సూటిగానే అన్నారు. 2018లో కేసు మళ్లీ సుప్రీంకోర్టుకొచ్చేసరికి అదే పార్టీ ప్రభుత్వం, ఇద్దరు వయోజనులు ఇష్టపూర్వకంగా ఏకాంతంలో ఉండే విషయాన్ని కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నామంది. ఔననలేదు, కాదనలేదు. ఆ ఏడాది సెప్టెంబర్ 6న అది నేరం కాదని తీర్పొచ్చింది. కోపమొచ్చినవాళ్లు ఎవరిని అడగాలి? కోర్టుని. 2023లో పెళ్లి హక్కు కేసు వచ్చింది. ఈసారి కేంద్రం గట్టిగా వ్యతిరేకించి, ఇది కోర్టు పని కాదు, పార్లమెంటు తేల్చాలంది.

సరే, పార్లమెంటు ఏం చేసింది? 2015 డిసెంబర్‌లో 377ను సవరించే ప్రైవేటు బిల్లు పెడతానని శశి థరూర్ అడిగితే లోక్‌సభలో అనుకూలంగా 24, వ్యతిరేకంగా 71 ఓట్లు పడ్డాయి. సభలో ఐదొందల మందికి పైగా ఎంపీలున్నారు. మిగతావాళ్లు ఎటూ ఓటెయ్యలేదు. అసలు అర్థమంతా ఆ ఖాళీ కుర్చీల్లోనే ఉంది.

కాంగ్రెస్ సంగతి ఇంకా చిత్రం. 2013లో 377ను నిలబెట్టిన తీర్పు నిరాశపరిచిందని సోనియా గాంధీ అన్నారు. 2023లో స్వలింగ వివాహాలపై రాష్ట్రాల అభిప్రాయం అడిగితే, కాంగ్రెస్ పాలనలోని రాజస్థాన్ వ్యతిరేకించింది. 2024 మేనిఫెస్టోలో మాత్రం, విస్తృత సంప్రదింపుల తర్వాత ఇలాంటి జంటల 'సివిల్ యూనియన్'ను గుర్తించే చట్టం తెస్తామని రాశారు. 'పెళ్లి' అన్న మాట లేదు చూడండి. సంప్రదింపులు ఎవరితో, ఎప్పటిలోగా? అదీ లేదు. బ్యాలెన్స్ షీట్‌లో పై అంకెలు కాదు, కింది నోట్స్ చదవమని మా కామర్స్ క్లాసులో చెప్పేవారు. మేనిఫెస్టోలకూ అది పనికొస్తుంది.

మన ఆంధ్రప్రదేశ్ కూడా 2023లో వ్యతిరేకంగానే జవాబిచ్చింది. వివిధ మతాల పెద్దలను అడిగామని, వాళ్లు వద్దన్నారని రాసింది. మాట సర్కారుది, భారం మతపెద్దలది.

అసదుద్దీన్ ఒవైసీ మాటలూ చూడాలి. 2023 అక్టోబర్ తీర్పు తర్వాత, తన విశ్వాసం ప్రకారం పెళ్లి స్త్రీ పురుషుల మధ్యే అన్నారు. ఇది 377లా నేరం తీసేసే విషయం కాదనీ అన్నారు. మొదటి మాట స్పష్టంగానే ఉంది. రెండోది మాత్రం నేరం సంగతిని, పెళ్లి సంగతిని విడదీస్తుంది. ఇదే గీత ఆరెస్సెస్ కూడా 2018లో గీసింది: నేరం కాదు, కానీ పెళ్లి ఒప్పుకోం అని. ఇద్దరి ఓటర్లు వేరు, దారులు వేరు, వాక్యం మాత్రం దగ్గరదగ్గర ఒకటే.

ఈ భాష మనింటి విషయాల్లోనూ వినపడుతుంది. 2023లో లా కమిషన్ ఉమ్మడి పౌరస్మృతిపై అభిప్రాయాలడిగినప్పుడు 'ముసాయిదా వచ్చాక చూద్దాం' అన్న జవాబు మన ఓట్లడిగే పార్టీల నుంచీ వచ్చింది. అందుకే అభ్యర్థి గడప దగ్గరికొచ్చినప్పుడు 'మీ అభిప్రాయమేంటి' అని కాదు, 'సభలో ఓటింగ్ పెడితే ఎటు వేస్తారు' అని అడగండి. మొదటి ప్రశ్నకు అందరి దగ్గరా జవాబు తయారుగా ఉంటుంది.

ఇక పెళ్లి కేసులో కేంద్రం ఇస్తానన్న కమిటీ 2024లో ఏర్పడింది. రేషన్ కార్డులో ఇలాంటి జంటలను ఒకే ఇంటివాళ్లుగా చూడాలని అదే ఏడాది రాష్ట్రాలకు సూచన వెళ్లింది. ఎన్నికల సభల్లో దాని ఊసు ఏ పార్టీ ఎత్తుతుందో చూడాలి.