పసుపుచేని చుక్కల శలభము

తొలకరి వానలకు నాటిన పసుపు, భాద్రపదము నాటికి మోర్తాడు చుట్టుప్రక్కల చేలలో ఏపుగా పెరిగి కన్నులపండువుగా నుండును. ఆ దినములలోనే కొన్ని మొక్కల నడిమి మొవ్వు వాడి, ఎండిపోవును. మొదలు చూచినచో చిన్న రంధ్రమును, దానినుండి వెలువడిన పురుగు రెట్టయు కనబడును. పురుగు లోపల నున్నది. దాని తల్లి యెవరు?

ఒకనాడు ఒక విద్యార్థి దీపమువద్ద పట్టిన పసుపువన్నె శలభమును అగ్గిపెట్టెలో తెచ్చి, “సారూ, మా పసుపు పాడుచేసేది ఇదే” అనెను. రెక్క విప్పి చూపితిని. ముందురెక్క నడుమ నొక్కొక్క నల్లచుక్క మాత్రమే యుండెను. వెనుకరెక్కలకు చుక్కలే లేవు. అది వరికాండమును తొలుచు పురుగుయొక్క ఆడుశలభము. పసుపువన్నె గలదంతయు పసుపు చేనికి శత్రువు కాదు.

పసుపు మొక్కను తొలుచు పురుగు వేరు. విప్పిన రెక్కల వెడల్పు ఇంచుమించు అంగుళము. ముందురెక్కలమీదను, వెనుకరెక్కలమీదను, దేహముమీదను కూడ పెక్కు నల్లచుక్కలు చల్లినట్లుండును. శాస్త్రజ్ఞులు దీనిని కోనోగెథిస్ పంక్టిఫెరాలిస్ అందురు. రెండవ మాటకు లాటిను భాషలో చుక్కలను మోయునది యని యర్థము. పేరే గుర్తు.

కూర్చుండు తీరును గమనింపుడు. వరి శలభము రెక్కలను ఇంటికప్పువలె మడిచికొనును. చుక్కల శలభము నాలుగు రెక్కలను బల్లపరుపుగా చాచి, పగలు ఆకుల చాటున నణగియుండి, రాత్రియందు సంచరించును. వరి శలభము ఆకు కొనలకు దగ్గరగా గ్రుడ్లను గుంపుగా పెట్టి గోధుమవన్నె నూగుతో కప్పును. చుక్కల శలభము లేత భాగములమీద విడివిడిగానో, కొలదిగానో పెట్టును.

గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగు కాండములోనికి తొలుచుకొని పోయి లోభాగమును తినును. పిదప ఆ సొరంగములోనే పట్టుగూడు కట్టుకొని, శలభమై వెలువడును. కావున రంధ్రమును, రెట్టయు గల మొవ్వును కనుగొన్నవెంటనే కోసి, పురుగుతోకూడ నశింపజేయవలెను. ఆలస్యమైనచో శలభము లేచిపోయి మరియొక మొక్కమీద గ్రుడ్లు పెట్టును. అప్పుడు కోసినది వట్టి బెరడే యగును.

ఆముదమునుకూడ మరువరాదు. గెలలోని కాయలు రెట్టతోను దారములతోను అల్లుకొనియున్నచో, అందును ఈ పురుగే యుండును. గట్టుమీది ఆముదమును విడిచి చేనిని మాత్రమే వెదకుట, ముందు తలుపు మూసి దొడ్డితలుపు తెరచియుంచుటవంటిది.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభింపబడి, నిజామాబాదు దానికి కేంద్రస్థానమైనది. ఈ సీమకు పసుపు ఎంత ముఖ్యమో దీనివలననే తెలియును. తొమ్మిది నెలల శ్రమకు ఫలము భూమిలోని కొమ్ములందున్నది. మొవ్వు చచ్చినకొలది కొమ్ము క్షీణించును.

విద్యార్థులారా! ఈ వానకాలమున మీ చేనికి పోయినప్పుడు ఆకు నెత్తి అడుగున చూడుడు. పట్టిన శలభమును చంపుటకు ముందు చుక్కలు లెక్కింపుడు. ఒక్కొక్క రెక్కకు ఒకటియైన వరిమడిని, పెక్కైన పసుపుచేనిని చూచుకొనుడని మీ పెద్దలకు చెప్పుడు.