పసుపు పేటెంటు: పాత విజ్ఞానానికి సాక్ష్యం

పేటెంటు కోరే వ్యక్తి తన ఆవిష్కరణ కొత్తదని ప్రకటిస్తాడు. ఆ మాటలోని నిజానిజాలను తేల్చడానికి పరీక్షాధికారి అంతకు పూర్వం లోకానికి తెలిసిన విషయాలను గాలిస్తాడు. వీటినే పూర్వవిజ్ఞానం అంటారు. అయితే పాతదైనంత మాత్రాన ప్రతి విషయమూ దరఖాస్తుకు అడ్డు రాదు. అది దరఖాస్తు తేదీకి ముందే వెల్లడి అయి ఉండాలి. హక్కుగా కోరిన అంశాలన్నీ ఆ ఒక్క ఆధారంలోనే కనిపిస్తే ఆవిష్కరణకు నవ్యత లేనట్లే. కొన్ని మాత్రమే కనిపిస్తే, తక్కినవి ఆ రంగంలో నిపుణుడైన వానికి సులభంగా తోచేవేనా అని విచారించాలి.

ఈ సూత్రాలకు పసుపు వివాదం చక్కని ఉదాహరణ. గాయాలు మాన్పడానికి పసుపుపొడిని వాడే పద్ధతిపై 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు లభించింది. దెబ్బ తగిలిన చోట పసుపు అద్దాలని తెలుగునాట ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. కాని నాటి అమెరికా చట్టం ప్రకారం పరదేశంలో కేవలం వాడుకలో ఉన్న విజ్ఞానం చెల్లదు; అది అచ్చులోనో, పేటెంటు రూపంలోనో ఉండాలి.

అందువల్ల భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో ఆ పేటెంటును సవాలు చేస్తూ 32 ఆధారాలను సమర్పించింది. సంస్కృత, ఉర్దూ, హిందీ రచనలతో పాటు భారత వైద్య సంఘ పత్రికలో 1953లో వెలువడిన వ్యాసం కూడ అందులో ఉన్నది. పసుపు శుభప్రదమనో, వంటకు రంగునిస్తుందనో చెప్పే గ్రంథం ఎంత ప్రాచీనమైనా ఇక్కడ పనికిరాదు. పసుపు గాయాన్ని మాన్పుతుందని చెప్పే గ్రంథమే కావాలి. 1997లో పేటెంటు కార్యాలయం ఆ హక్కులను తిరస్కరించింది.

దీనివల్ల పసుపుపై ఇక ఎవరికీ పేటెంటు రాదని భావించరాదు. పసుపు నుండి నిజంగా కొత్త పద్ధతిని కనిపెట్టినవారికి ద్వారం తెరిచే ఉన్నది. మూతపడినది తెలిసిన దానినే తిరిగి సొంతం చేసుకొనే ద్వారం.

పరీక్షాధికారి చదవలేని భాషలోని గ్రంథం అతని దృష్టిలో లేనట్లే. ఈ లోపాన్ని పూరించడానికి 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ప్రారంభమైంది. మన వైద్య గ్రంథాలలోని యోగాలను అది ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలో పేటెంటు కార్యాలయాలకు అందుబాటులో ఉంచుతున్నది. 2002 నాటి సవరణతో భారత పేటెంట్ల చట్టం మౌఖిక విజ్ఞానాన్ని సైతం అభ్యంతరానికి ఆధారంగా అంగీకరించింది. పరదేశపు వాడుకను లెక్కచేయని నిబంధనను అమెరికా కూడ 2011 నాటి చట్టంతో తొలగించింది.

పసుపు ఏ ఒక్క ప్రాంతపు సొత్తూ కాదు. దాని పక్షాన పలు భాషల గ్రంథాలు కలిసి సాక్ష్యమిచ్చాయి. ఒక భాషలో దాగిన విజ్ఞానాన్ని మరొక భాషలోకి తేవడం సాహిత్యసేవ మాత్రమే కాదు, జాతి సంపదకు కాపలా కూడ.