ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్ ఆటలో సౌరశక్తి, అంతరిక్ష ఉపరితలం

'''ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్''' కెనడాలోని వాంకూవర్ నగరానికి చెందిన క్లై ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ రూపొందించిన వలస నిర్మాణ వీడియో గేమ్. ఇది 2017 మే నెలలో ప్రాథమిక రూపంలోనూ, 2019 జూలై 30న పూర్తి రూపంలోనూ విడుదలైనది. ఒక గ్రహశకలం గర్భంలో చిక్కుకున్న ముగ్గురు వ్యక్తులతో ఆట మొదలవుతుంది. వీరిని డూప్లికెంట్లు అంటారు. వీరికి గాలి, నీరు, ఆహారం, విద్యుత్తు సమకూర్చుట ఆటగాని బాధ్యత. 2018లో వచ్చిన కాస్మిక్ అప్‌గ్రేడ్ ద్వారా ఈ ఆటలో అంతరిక్షానికి తెరచుకున్న ఉపరితలం, సౌర ఫలకాలు చేర్చబడినవి.

== నేపథ్యం ==
భూగర్భంలో దొరికే ఇంధనం తరిగిపోయేది. బొగ్గు జనరేటరు 600 వాట్ల విద్యుత్తు ఇచ్చుటకు సెకనుకు 1 కిలో బొగ్గును దహిస్తుంది. ఆటలో ఒక దినము 600 సెకన్లు. అనగా నిర్విరామంగా నడిచే ఒక్క జనరేటరు దినమునకు 600 కిలోల బొగ్గును హరించి, 12 కిలోల కార్బన్ డై ఆక్సైడును వదలుతుంది. గాలియే కరువైన చోట ఇది చిన్న విషయం కాదు. సౌర ఫలకానికి ఇంధనం అక్కరలేదు. అది వాయువును గాని, వేడిని గాని విడువదు.

== సౌర ఫలకం ==
ఒక ఫలకం గరిష్ఠంగా 380 వాట్లు ఉత్పత్తి చేస్తుంది. ఉదయం స్వల్పంగా మొదలై, మధ్యాహ్నానికి పెరిగి, సాయంత్రానికి తగ్గుతుంది. దినములో ఎనిమిదవ వంతు, అనగా 75 సెకన్లు, రాత్రి. ఆ సమయంలో కూడ 380 వాట్లు వాడవలెనన్న 28.5 కిలోజౌళ్ళు ముందుగా నిల్వ చేసుకొనవలెను. ఇందుకు 40 కిలోజౌళ్ళ పెద్ద బ్యాటరీ ఒకటి చాలును.

ఫలకం నిర్మాణానికి 200 కిలోల గాజు కావలెను. గాజు కొలిమిలో 100 కిలోల ఇసుకకు 25 కిలోల గాజు మాత్రమే వస్తుంది. కనుక ఒక్కొక్క ఫలకానికి 800 కిలోల ఇసుక వెచ్చించవలసి ఉంటుంది.

== ఉపరితలంలోని ఇబ్బందులు ==
* '''శూన్యం:''' ఇక్కడికి చేరిన వాయువు అంతరిక్షంలో కలసి మాయమవుతుంది. వలస పైకప్పు తెరచుకున్నచో లోపలి ప్రాణవాయువు కూడ పోతుంది.
* '''ఉల్కాపాతం:''' ఉల్కలు కట్టడాలను దెబ్బతీస్తాయి. రెగోలిత్ అనే వేడి ధూళిరాతిని కుప్పలుగా పోస్తాయి. దాని కింద పడిన ఫలకానికి వెలుతురు అందదు.
* '''వేడి:''' చుట్టూ గాలి లేనందున యంత్రాలలో పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక అవి కాగిపోతాయి.

== రక్షణ ==
ఉల్కలకు తట్టుకొనేవి ఉక్కుతో కట్టిన బంకరు పలకలు, బంకరు తలుపులు. అంతరిక్ష స్కానరు ఉల్కాపాతాన్ని గరిష్ఠంగా 200 సెకన్ల ముందు పసిగట్టి తలుపులకు సంకేతం పంపగలదు. అయితే తలుపు మూసినంతసేపు ఎండ పడదు, విద్యుత్తు పుట్టదు. కావున ఉల్కాపాతం ఉన్న రోజులకు వేరొక ఆధారం తప్పనిసరి. పేరుకున్న రెగోలిత్‌ను తవ్వుటకు రోబో మైనర్లను వాడతారు. వీటిని ఉక్కుతో నిర్మించినచో తట్టుకొనే ఉష్ణోగ్రత 200 డిగ్రీల సెల్సియస్ మేర పెరుగుతుంది. తవ్విన రెగోలిత్ వృథా కాదు, నీటిని వడగట్టుటకు ఉపయోగపడుతుంది.

100 కిలోల ఉక్కుకు 70 కిలోల ఇనుము, 20 కిలోల శుద్ధి చేసిన కార్బన్, 10 కిలోల సున్నం కావలెను. సున్నం గుడ్ల పెంకుల నుండి లేదా శిలాజాల నుండి లభిస్తుంది. అనగా ఉచితమైన ఎండను పట్టుకొనుటకు ముందు వలస తన పరిశ్రమలను, పశుపోషణను కొంత అభివృద్ధి చేసుకొని ఉండవలెను.

== వాస్తవ విజ్ఞానంతో పోలిక ==
శూన్యంలో ఉష్ణవహనం, ఉష్ణసంవహనం జరగవు అన్నది నిజమే. కాని నిజ జీవితంలో మూడవ మార్గమైన ఉష్ణవికిరణం ఉన్నది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తన వేడిని అమ్మోనియా ప్రవహించే రేడియేటర్ల ద్వారా ఈ విధంగానే వదిలించుకుంటుంది. ఆటలో వికిరణాన్ని లెక్కలోనికి తీసుకోలేదు. విద్యార్థులు ఈ తేడాను గమనించవలెను.