గుడిలేని తీర్థము

కొత్తపేటలో సంక్రాంతి ప్రభల సంరంభమును జూచి, మరునాడు కనుమకు మేము అంబాజీపేట చెంతనున్న మొసలపల్లి జగ్గన్నతోటకు బోయితిమి. క్షేత్రమనగా గోపురమును, ప్రాకారమును వెదకు కన్నులకు అచ్చట గానవచ్చునవి కొబ్బరిచెట్లే. ఆలయము లేదు. ఏటి కొక్కదినము పదునొకండు గ్రామముల శివులు, ఏకాదశ రుద్రులని ప్రసిద్ధి గన్నవారు, ప్రభలపై వేంచేసి యా తోటలో గూడుదురు. మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చువాడు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కినవాని నెల్ల నొకమారు పైకెత్తి గౌరవింతురు.

ప్రభ పల్లెవాని చేతిపని. వెదురుబొంగులతో గట్టి, రంగుల నూలును, నెమలిపింఛములను, వరికంకులను దానికి దొడుగుదురు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు కౌశిక కాలువను దాటి రావలెను. మోయువారు రొమ్ములోతు నీట దిగి, శరభ శరభ యని యెలుగెత్తుచు, ప్రభ యొరగకుండ గట్టు జేర్చుట చూచి తీరవలసిన దృశ్యము. అటుపై బాట లేదు. పచ్చని వరిచేలే బాట. పైరు వందల పాదముల క్రింద నణగును. రైతు అడ్డుపడడు; పరిహారమడుగడు. స్వామి నడచిన చేను మిక్కిలి పండునని యాతని నమ్మకము.

2023 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటముగా నీ ప్రభల తీర్థమునే దేశము చూచినది. సంతోషమే. కాని శకటముపై జూపరాని సంగతి యొకటి గలదు. 2011లో ఈ కోనసీమ రైతులే సార్వా నాట్లు మాని పొలములను బీడు వదలిరి. ధాన్యపు ధర పెట్టుబడికి జాలకుండెను, కూలి భారమయ్యెను, మురుగుకాలువలు పూడి చేలు మునుగుచుండెను. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. పైరును దేవునికి దారిగా నిచ్చి చింతింపని రైతు విత్తుటయే మానెనన్న, ఆతని కష్ట మెంతటిదో పాఠకులే యూహింతురుగాక.

సాయంకాలము ప్రభలు తరలినపిదప నణగిన మళ్లను జూచితిమి. ఆ పైరు మరల లేచునని రైతుల ధీమా. దేవుడు త్రొక్కిన చేను లేచును. ధర త్రొక్కిన రైతు లేచుట యంత సులభము కాదు. కాలువల పూడిక తీయించుటయు, పంటకు గిట్టుబాటు ధర గల్పించుటయు ఏలువారు ఈ తోటకు జెల్లింపవలసిన మ్రొక్కులని మా మనవి.