టైగర్ మాత్ తోక దగ్గరి రేకులు

2012 అక్టోబర్ 8, వైమానిక దళ దినోత్సవం. గాజియాబాద్ పక్కనున్న హిండన్ స్థావరంలో జెట్‌ల హోరు మధ్య ఒక పాతకాలపు బైప్లేన్ తాపీగా సాగిపోయింది. అది టైగర్ మాత్. బాగుచేయించి మళ్లీ గాల్లోకి లేపిన శిక్షణ విమానం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాని ఒంటి మీది వంపులు కొన్ని ప్రాణభయంతో వచ్చినవే.

రెక్కలే చూడండి. పై రెక్క మధ్యలో పెట్రోలు ట్యాంకు, దాని కింద ముందు సీట్లో ఇన్‌స్ట్రక్టర్. డి హావిలాండ్ కంపెనీ పాత మాత్‌లలో అక్కణ్ణించి పారాచూట్‌తో దూకడం గగనమే. అందుకే ఆ మధ్య భాగాన్ని ముందుకు జరిపారు. దాంతో తప్పిన తూకాన్ని సరిచేయడానికి రెక్కలను వెనక్కి వాల్చారు. అలా మారిన విమానం 1931 అక్టోబర్ 26న తొలిసారి ఎగిరింది. తర్వాత వచ్చిన రకంలో ఇంజను 130 హార్స్‌పవర్. బ్రేకుల్లేవు.

రెండో ప్రపంచయుద్ధం రాగానే గిరాకీ పెరిగింది. మన బేగంపేటలోనూ కుర్రాళ్లు దీని మీదే ఓనమాలు దిద్ది, హార్వర్డ్ విమానాలు నేర్వడానికి అంబాలా వెళ్లేవారు. బ్రిటన్‌లోనైతే 1940లో జర్మన్లు దిగుతారన్న బెంగతో దీనికి బాంబులు తగిలించే ఏర్పాటూ చేశారు. పలకకు కత్తి కట్టడమంటే అదే!

అసలు చిక్కు గింగిరాల దగ్గర వచ్చింది. వేగం తగ్గి, ముక్కు మరీ పైకి లేస్తే ఒక రెక్క ముందుగా పట్టు కోల్పోతుంది. విమానం ఆ వైపు ఒరిగి, సుడి తిరుగుతూ పడిపోతుంది. అందులోంచి బయటపడాలంటే ఇంజను తగ్గించి, తోక మీది రడ్డర్‌ను సుడికి ఎదురు తొక్కి, స్టిక్‌ను ముందుకు తోయాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఇది తెలియక ఎందరో శిష్యులు పోయారు. 1917లో బ్రిటన్‌లోని గోస్‌పోర్ట్ శిక్షణ బడిలో స్మిత్-బారీ అనే అధికారి దాన్ని కావాలనే చేయించి నేర్పాడు. రెండు సీట్ల మధ్య మాటలు మోసే గొట్టమూ ఆ బడిదే. టైగర్ మాత్‌లోనూ ఆ గొట్టమే.

అయితే పాఠం సరిగ్గా పాటించినా విమానం మాట వినకపోతే? 1941లో ఆ అనుమానమే మొదలైంది. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో పరీక్షలు జరిగాయి. రెక్కల అంచున కదిలే ఎలరాన్లకు తగిలించిన బరువులు తీసేసి, తోక ముందు ఇరువైపులా సన్నని రేకులు బిగించారు. సుడి వేగానికి అవి అడ్డుపడతాయి. ఇంత పెద్ద చిక్కుకు అంత చిన్న రేకు! ఇంజనీరింగ్‌లో ఇలాంటి మందులే నమ్మదగినవేమో.

1951 ఆగస్టులో బెంగళూరులో తొలిసారి ఎగిరిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం తర్వాత మన వైమానిక దళంలో టైగర్ మాత్ పని తీసుకుంది. విమానం మారినా గింగిరాల పాఠం మాత్రం మారలేదు.