మోటారు బలం ఎంత? ఇంట్లోనే తూచి చూద్దాం

పూతరేకులకు మా ఆత్రేయపురం పెట్టింది పేరు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బోర్లించిన వేడి కుండమీద, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను పరిచి తీస్తే క్షణంలో రేకు తేలుతుంది. పిండి బరకగా ఉంటే మాత్రం ఎంత చెయ్యి తిరిగినవారికైనా రేకు చిరిగిపోతుంది. కనుక గ్రైండరు తిప్పే మోటారు మందగిస్తే ఆ ఇంటి సంపాదనే మందగిస్తుంది.

మా పిన్నిగారి గ్రైండరు సరిగ్గా ఇలాగే మొరాయించింది. అప్పటికి నెల క్రితమే మోటారుకు కొత్త వైండింగు చుట్టించారు. "చుట్టినవాడు మోసం చేశాడురా! డబ్బు వెనక్కి అడగాలి, లేదా కొత్తది కొనాలి. నువ్వు ఇంజనీరింగు చదువుతున్నావు కదా, ఇది పావు హార్స్‌పవరు అవునో కాదో తేల్చు" అన్నారామె. తగవుకు ముందు తూకం మంచిదని నేనూ ఒప్పుకున్నాను.

మోటారు మెలితిప్పే బలాన్ని టార్క్ అంటాం. ఇరుసునుంచి ఎంత దూరంలో ఎంత బలం పనిచేస్తోందో చూసి, ఆ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేదే టార్క్. మన ల్యాబులో ఉండే ప్రోనీ బ్రేకు పనిచేసేది ఈ సూత్రంమీదే. ఫ్రెంచి ఇంజనీరు ప్రోనీ 1821లో దీన్ని కనిపెట్టాడు. ఇంట్లో దీనికి కావలసినవి రెండు స్ప్రింగు కాటాలు, మూరెడు నవారు, మోటారును బిగించడానికో బరువైన చెక్క.

బెల్టు తీసేసి, పుల్లీ కిందుగా నవారు వేసి, రెండు కొసలనూ పైన దూలానికి వేలాడే కాటాలకు తగిలించాలి. మోటారు తిరిగేటప్పుడు ఒక కాటా ఎక్కువ, రెండోది తక్కువ చూపిస్తాయి. ఆ తేడాను పుల్లీ వ్యాసార్థంతో హెచ్చవేస్తే టార్క్ వస్తుంది. వ్యాసార్థానికి నవారు మందంలో సగం కలపడం మరవకండి. మా లెక్కలో అది 5 సెంటీమీటర్లు.

ఇక వేగం. పాతకాలపు చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. పుల్లీమీద సుద్దతో ఒక్క గీత గీసి ఆ వెలుగులో చూస్తే నాలుగు గీతలు కనిపిస్తాయి. మోటారు నిమిషానికి సరిగ్గా 1500 చుట్లు తిరిగితే అవి నిలకడగా ఉంటాయి. కాస్త తగ్గితే మెల్లగా వెనక్కి జరుగుతాయి. 15 సెకన్లలో ఒక గుర్తును ఎన్ని గీతలు దాటాయో లెక్కపెడితే, 1500కు అన్ని చుట్లు తక్కువ తిరుగుతోందన్నమాట. చోకు లేని లైట్ల కింద ఈ కిటుకు పనిచేయకపోవచ్చు. అప్పుడు టాకోమీటరు అరువు తెచ్చుకోండి.

మోటారు ప్లేటుమీద పావు హార్స్‌పవరు, 230 వోల్టులు, 1440 చుట్లు అని ఉంది. పావు హార్స్‌పవరంటే 186 వాట్లు. టార్క్‌ను కిలో-సెంటీమీటర్లలో తీసుకుని చుట్లతో హెచ్చవేసి 97.4తో భాగిస్తే వాట్లు వస్తాయి. ఈ లెక్కన 1440 చుట్ల దగ్గర 12.6 కిలో-సెంటీమీటర్లు రావాలి.

సాయంత్రం ఏడింటికి నవారు బిగిస్తూ వేగాన్ని 1440కి దించాం. కాటాలు 2.1, 0.4 కిలోలు చూపాయి. తేడా 1.7. టార్క్ 8.5. అంటే 126 వాట్లే! పిన్నిగారు "చూశావా?" అన్నారు. అయితే ఆ వేళ మీటరు 190 వోల్టులే చూపించింది. ట్రాన్స్‌ఫార్మరుకు బాగా దూరంగా, లైను చివర ఉన్న ఇల్లది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. ఇండక్షన్ మోటారులో అదే వేగం దగ్గర టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 190ని 230తో భాగించి వర్గం చేస్తే 0.68. దాన్ని 12.6తో హెచ్చవేస్తే 8.6. మా తూకం 8.5! తెల్లవారుజామున ఐదింటికి మళ్లీ తూచాం. అప్పుడు 228 వోల్టులున్నాయి, కాటాల తేడా 2.5, టార్క్ 12.5. వైండింగు చుట్టినవాడు నిజాయితీపరుడే. పిండి రుబ్బే వేళ తెల్లవారుజాముకు మారింది. కొత్త మోటారు ఖర్చూ, అనవసరపు తగవూ తప్పాయి.

ప్రయత్నించే మిత్రులకు నాలుగు హెచ్చరికలు. మోటారు శక్తంతా నవారు రాపిడిలో వేడిగా మారుతుంది కనుక ఒక్కో కొలత ఇరవై సెకన్లు మించనివ్వకండి. ఎర్తు వైరు లేకుండా మొదలుపెట్టకండి. పైటకొంగు, జడ, లుంగీ పుల్లీ దగ్గరకు రానీయకండి. వోల్టేజి రాసుకోకుండా టార్క్ మాత్రమే రాసుకుంటే ఆ అంకె ఎవరిమీదనైనా అన్యాయంగా నేరం మోపగలదు.