గాజు సీసాలో ఉప్పునీటి రొయ్యలు

పిల్లలున్న ప్రతి ఇంటిలోనూ ఏదో ఒక ప్రాణిని పెంచుకుందామన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. రెండు గదుల అద్దె ఇంటిలో పిల్లికి గాని, కుందేలుకు గాని చోటు చూపడం కష్టం. పక్షిని పంజరంలో బంధించడానికి మనసొప్పదు. అటువంటి కుటుంబాలకు తగిన ఒక చిన్న ప్రాణిని ఈ నెల మేము పరిచయం చేస్తున్నాము. ఒక గాజు సీసా, కొంచెం ఉప్పు, చిటికెడు గుడ్లు ఉంటే దీనిని పెంచవచ్చు. ఖర్చు స్వల్పమే. అయినా ప్రాణం ప్రాణమే గనుక బాధ్యత స్వల్పం కాదు.

ఏమిటీ ప్రాణి?

దీని శాస్త్రీయ నామం ఆర్టీమియా. మన కోస్తా జిల్లాల రొయ్యల హేచరీలలో పనిచేసేవారికి ఈ పేరు సుపరిచితం. రొయ్య పిల్లలకు తొలి మేతగా వారు వీటినే పొదిగిస్తారు. పేరులో రొయ్య ఉన్నా, మనం వండుకునే రొయ్యకు ఇది దూరపు చుట్టమే. దీనికి గట్టి పెంకు ఉండదు. పెరిగిన ప్రాణి సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది. పదకొండు జతల కాళ్లను అలలవలె కదుపుతూ వెల్లకిలా ఈదుతుంది. ఆ కాళ్లతోనే ఈదుతుంది, శ్వాసిస్తుంది, మేతను నోటికి చేర్చుకుంటుంది. పుట్టినప్పుడు ఒకే కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఇరుప్రక్కలా మరి రెండు కన్నులు ఏర్పడతాయి.

చేపలున్న చోట ఈ మెత్తని ప్రాణి మిగలదు. అందుచేత చేపలు బ్రతకలేనంత ఉప్పగా ఉండే సరస్సులే దీని నివాసం. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్, ఇరాన్‌లోని ఉర్మియా సరస్సు ఇందుకు ప్రసిద్ధి. 982వ సంవత్సరానికి చెందిన ‘హుదూదుల్ ఆలం’ అనే పారశీక భూగోళ గ్రంథంలో ఉర్మియా సరస్సులోని పురుగుల ప్రస్తావన ఉంది. ఆ పురుగులు ఇవేనని పరిశోధకుల భావన.

సరస్సు ఎండిపోయే కాలంలో తల్లి గట్టి పొర గల గుడ్లు పెడుతుంది. అందులోని పిండం ఎదుగుదల ఆపి నిద్రాణమై ఉంటుంది. తడి తగలకుండా భద్రపరిస్తే ఆ గుడ్లు సంవత్సరాల తరబడి చెడవు. 1972లో అపోలో 16 వ్యోమనౌకలో వీటిని చంద్రుని వరకు పంపి పరీక్షించారు కూడా.

ముందే నిజం చెప్పండి

అమెరికాలో హెరాల్డ్ వాన్ బ్రౌన్‌హట్ అనే వ్యాపారి ఈ గుడ్లను పొట్లాలలో పెట్టి, 1962 నుండి ‘సీ మంకీస్’ అన్న పేరుతో అమ్మాడు. బొమ్మల పత్రికలలోని ప్రకటనలలో వీటిని కిరీటాలు ధరించిన, మనుషుల వలె నవ్వే కుటుంబంగా చిత్రించారు. అటువంటి బొమ్మను నమ్మిన పిల్లవానికి సీసాలోని తెల్లని నలుసులు నిరాశనే మిగులుస్తాయి. కనుక ఇవి మాట వినవని, చేతిలోకి తీసుకోదగినవి కావని, ఓపికగా గమనించవలసినవని పిల్లలకు ముందే వివరించాలి.

పొదిగించే విధానం

కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచితే అందులోని క్లోరిన్ చాలావరకు పోతుంది. లీటరు నీటికి సుమారు 30 గ్రాముల కల్లుప్పు కరిగించి, పలుచని గుడ్డతో వడకట్టండి. అక్వేరియం సామగ్రి అమ్మే దుకాణాలలో ఆర్టీమియా గుడ్లు లభిస్తాయి. చిటికెడులో నాలుగో వంతు చాలు. సీసాను వెలుతురు గల చోట ఉంచండి గాని, నేరుగా ఎండ తగలనివ్వకండి. నీరు 25 నుండి 28 డిగ్రీల వేడిలో ఉంటే 24 నుండి 36 గంటలలో పిల్లలు బయటికి వస్తాయి. అవి అర మిల్లీమీటరు కూడా ఉండవు.

పిల్లలు వెలుగు వైపుకు వస్తాయి. సీసాకు ఒక ప్రక్క టార్చి చూపితే అక్కడ గుమిగూడతాయి. డ్రాపరుతో వాటిని తీసి, అంతే ఉప్పు గల మంచి నీటి సీసాలోకి మార్చండి. ఖాళీ గుడ్ల పొరలు పాత సీసాలోనే ఉండిపోతాయి.

మేతలోనే అసలు పరీక్ష

పొదిగిన తొలి రోజు మేత అవసరం లేదు. గుడ్డులోని పోషకమే వాటికి ఆధారం. మరునాటి నుండి స్పిరులినా పొడిని గాని, ఈస్ట్‌ను గాని సూది మొనకు అంటినంత తీసుకుని, చెంచాడు నీటిలో కలిపి వేయాలి. నీరు తిరిగి తేటపడే వరకు మళ్లీ వేయరాదు. పిల్లలు ప్రేమకొద్దీ ఎక్కువ వేస్తారు. మిగిలిన మేత కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. రాత్రికి రాత్రే అన్నీ చనిపోవచ్చు. నీరు పాలవలె తెల్లబారినా, వాసన వచ్చినా వెంటనే సగం నీరు మార్చండి.

సీసాపై నీటిమట్టం దగ్గర గీత గీయండి. ఆవిరైన మేరకు క్లోరిన్ పోయిన మామూలు నీటినే కలపాలి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు గనుక మళ్లీ ఉప్పు వేస్తే నీరు అంతకంతకూ ఉప్పెక్కుతుంది. మన వేసవిలో సీసాను ఇంటిలోని చల్లని గదిలో ఉంచడం క్షేమం.

సంతానం

అన్నీ అనుకూలిస్తే సుమారు మూడు వారాలలో ఇవి ఈడుకు వస్తాయి. మగవాటికి తల వద్ద పెద్ద కొక్కేలు ఉంటాయి. వాటితో ఆడవాటిని పట్టుకుని ఈదుతాయి. ఆడవాటి పొట్ట క్రింద గుడ్ల సంచి కనబడుతుంది. పరిస్థితులు బాగుంటే తల్లి ఈదే పిల్లలనే విడుస్తుంది. ఉప్పు పెరిగి, ప్రాణవాయువు తగ్గితే గోధుమరంగు గట్టి గుడ్లు పెడుతుంది. సీసాలో ఏవి కనబడుతున్నాయో చూసి నీటి స్థితిని అంచనా వేయవచ్చు.

పెంచలేని పరిస్థితి వస్తే మరో కుటుంబానికి అప్పగించండి. చెరువులో, ఉప్పుమడిలో పారబోయకండి. అమెరికా జాతి ఆర్టీమియా మధ్యధరా తీరపు ఉప్పుమడులలో వ్యాపించి, అక్కడి స్థానిక జాతులను తరిమివేసింది.

గుడ్లను నీటిలో వేయడానికి ఒక నిమిషం చాలు. ఆ తరువాత ప్రతి దినమూ ఎవరో ఒకరు సీసా వైపు చూడాలి. ఆకలైతే అరవలేని ప్రాణి మన చేతిలో ఒక అమానత్. పొదిగిన తేదీ, మేత వేసిన రోజు, వేసినవారి పేరు ఒక కాగితంపై వ్రాసి గోడకు అంటించండి. పరీక్షల రోజులలో, ఊరికి వెళ్లే రోజులలో ఆ పని ఎవరిదో గుడ్లు కొనక ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోవాలని మా మనవి.